పంది తప్పా? గబ్బిలం తప్పా?



ఈసారి మన గోడపత్రికలో నేను వైరస్‌ల గురించి రాస్తున్నాను. ఎందుకంటే మేము ఎరుకలోళ్లం. మా ఇండ్లల్లో పందులను సాకుతారు, ఈతపుల్లలతో బుట్టలు అల్లుతారు. ఊర్లో ఏ జ్వరం వచ్చినా "ఆ పందుల వల్లనే" అని మా గుడిసెల దిక్కు వేలు చూపిస్తారు. ఇది నిజమా, అబద్ధమా? సగం నిజం, సగం అబద్ధం. ఏ సగం నిజమో తెలుసుకుంటే మనకే మంచిది. మనలో కొందరి ఇండ్లల్లో పందులు, కొందరి ఇండ్లల్లో మేకలు, గొర్రెలు, చాలామంది ఇండ్లల్లో కోళ్లు ఉన్నాయి కదా.

వైరస్ అంటే ఏమిటి?

వైరస్ కంటికి కనపడదు. మన ల్యాబులో ఉండేలాంటి మైక్రోస్కోపులో పెట్టినా కనపడదు. అది తనంతట తాను తినదు, పెరగదు. ఏదైనా జీవి కణంలోకి దూరితేనే అక్కడ తనలాంటివి వేలకు వేలు తయారు చేయించుకుంటుంది.

కణానికి ఒక తలుపు, తలుపుకు ఒక తాళం ఉన్నాయనుకోండి. వైరస్ ఒంటిమీద ఉండే ముండ్లు తాళంచెవి లాంటివి. కోడి తాళానికి పట్టే చెవి మనిషి తాళానికి పట్టదు. అందుకే కోళ్లకు వచ్చే తెగుళ్లు చాలామటుకు మనకు రావు. అయితే వైరస్ తన నకళ్లు చేసుకునేటప్పుడు తప్పులు పడతాయి. మనం చూసి రాసేటప్పుడు కూడా అక్షరాలు తప్పు పోతాయి కదా, అట్లా. అన్ని తప్పుల్లో ఎప్పుడో ఒకటి మనిషి తాళానికి సరిపోతుంది. మనుషులకు వచ్చే అంటురోగాల్లో 100కు 60 దాకా జంతువులతో సంబంధం ఉన్నవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

మూడు గడపలు

జంతువులో ఉండే వైరస్ లోకమంతా పాకాలంటే మూడు గడపలు దాటాలి.

మొదటి గడప - తన సొంత జంతువులో ఉండడం. అక్కడ అది చాలాసార్లు ఆ జంతువుకు పెద్ద బాధ పెట్టకుండా ఉంటుంది.

రెండో గడప - ఆ జంతువు నుంచి మనిషికి రావడం. కరవడం వల్ల, దోమ వల్ల, ఎంగిలి వల్ల, రక్తం వల్ల, పచ్చి మాంసం వల్ల రావచ్చు.

మూడో గడప - మనిషి నుంచి మనిషికి పోవడం. ఈ గడప దాటితేనే అది మహమ్మారి అవుతుంది. చాలా వైరస్‌లు ఇక్కడే ఆగిపోతాయి.

మెదడువాపు, పందులు

ముందు పంది సంగతే చెప్తాను. జపనీస్ మెదడువాపు వైరస్ సొంత ఇల్లు కొంగలు. వరిమడి నీళ్లల్లో పుట్టే క్యూలెక్స్ దోమ కొంగను కుట్టి, తర్వాత పందిని కుడుతుంది. పంది రక్తంలో ఆ వైరస్ బాగా పెరుగుతుంది. ఆ పందిని కుట్టిన దోమ పిల్లలను కుడితే వాళ్లకు జ్వరం, ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. ఇదీ నిజమైన సగం. అయితే పందిని తాకితే ఈ జబ్బు రాదు. దోమ కుట్టాలి. జబ్బు వచ్చిన పాపను తాకినా రాదు, ఎందుకంటే మనిషి రక్తంలో ఆ వైరస్ దోమకు అంటేంత ఉండదు. కాబట్టి పందుల దొడ్లు ఇండ్లకు దూరంగా ఉండాలి, దోమతెర కట్టుకోవాలి, టీకా వేయించుకోవాలి. పందులు సాకేవాళ్లను తిడితే దోమ ఆగదు.

కోళ్ల జబ్బు

1997లో హాంకాంగ్‌లో హెచ్5ఎన్1 అనే బర్డ్‌ఫ్లూ వైరస్ కోళ్ల నుంచి 18 మందికి వచ్చింది. వాళ్లలో 6 మంది చనిపోయినారు. అక్కడ ఉన్న కోళ్లనన్నిటినీ చంపి ఆపినారు. 2025 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలోనే తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడింది. మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప జ్వరంతో చనిపోయింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షించి అది హెచ్5ఎన్1 అని తేల్చింది. ఆ పాప పచ్చి కోడికూర ముక్క తినిందని పేపర్లలో రాసినారు. అంత చిన్న పాప పోవడం చాలా బాధ. కానీ ఆ పాప నుంచి జబ్బు ఇంకెవరికీ పాకలేదు. అంటే అది రెండో గడప దాటింది గాని మూడోది దాటలేదు. కూర బాగా ఉడికితే ఈ వైరస్ చస్తుంది. కోడిని కోసేటప్పుడు చిన్నపిల్లలను దగ్గరికి రానీయకూడదు, కోసినాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

మన ప్రొద్దుటూరుకు ఎట్లా వచ్చింది?

మూడు గడపలూ దాటింది కరోనా. 2019 డిసెంబరులో చైనాలోని వూహాన్‌లో బయటపడింది. దానికి దగ్గరి చుట్టాలైన వైరస్‌లు గబ్బిలాల్లో దొరికినాయి. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారి అని చెప్పింది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టినారు. ఏప్రిల్ 1న మన కడప జిల్లాలో ఒక్కరోజే 15 కేసులు బయటపడినాయి. వాటిల్లో ప్రొద్దుటూరు, పులివెందుల కేసులు కూడా ఉన్నాయి. ఎప్పుడూ జనంతో కిటకిటలాడే ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు, బట్టల అంగళ్లు మూతపడినాయి.

ఇక్కడ ఒక్కటి ఆలోచించండి. వూహాన్ గబ్బిలం ప్రొద్దుటూరుకు ఎగిరి రాలేదు. మన జమ్మలమడుగు చింతచెట్లకు వేలాడే గబ్బిలాలు దాన్ని తేలేదు. మనుషులే విమానాల్లో, రైళ్లల్లో, బస్సుల్లో తెలియకుండా మోసుకొచ్చినారు. ఒంట్లో వైరస్ ఉన్నా కొందరికి జ్వరం కూడా రాదు, అయినా పక్కవాళ్లకు అంటుతుంది. కాబట్టి మోసినవాళ్లను కూడా తిట్టి లాభం లేదు.

2009లో వచ్చిన స్వైన్‌ఫ్లూ కూడా ఇట్లాంటిదే. పంది ఒంట్లోకి పక్షుల ఫ్లూ, మనుషుల ఫ్లూ రెండూ దూరగలవు. అక్కడ కలిసిపోయి కొత్త ఫ్లూ పుట్టవచ్చు. 2009 వైరస్ పందుల్లో అట్లా కలిసి పుట్టిందే. కానీ దేశదేశాలు తిరిగింది మాత్రం మనుషుల దగ్గుతో, తుమ్ములతో.

ముందు చచ్చేది ఎవరు?

1998-99లో మలేషియాలో నిపా వైరస్ వచ్చింది. పెద్ద పెద్ద పందుల ఫారాల పక్కనే మామిడిచెట్లు పెంచినారు. పండ్లకు గబ్బిలాలు వచ్చినాయి. అవి కొరికి పడేసిన ఎంగిలి పండ్లు పందులు తిన్నాయి. పందుల నుంచి వాటిని సాకేవాళ్లకు జబ్బు వచ్చింది. 100 మందికి పైగా చనిపోయినారు. సుమారు 10 లక్షల పందులను చంపినారు. 2018లో అదే నిపా కేరళలోని కోళికోడ్‌లో వచ్చి 17 మందిని తీసుకుపోయింది. రోగులకు సేవ చేసిన నర్సమ్మ కూడా పోయింది.

చూడండి, జంతువుల దగ్గర ఉండేవాళ్లు జబ్బు పుట్టించినోళ్లు కాదు. అందరికంటే ముందు జబ్బున పడేది వాళ్లే. అడవులు కొట్టేసి గబ్బిలాల తావులు పోగొడితే అవి ఊర్లల్లోకి వస్తాయి. వేలకొద్దీ కోళ్లను, పందులను ఒకేచోట కుక్కితే వైరస్‌కు పండగ. అది పది పందులు సాకే గుడిసె పని కాదు.

దాచిపెట్టవద్దు

తిట్టడం వల్ల ఒక పెద్ద నష్టం ఉంది. తిడతారని భయపడితే మనిషి దాచిపెడతాడు. కోళ్లు చచ్చిపోతే చెప్పకుండా అమ్ముతారు, లేదా వంకలో పడేస్తారు, లేదా పారేయలేక వండుకుంటారు. అప్పుడే వైరస్‌కు గడప దాటే దారి దొరుకుతుంది. కావున సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ నాయనకు, అవ్వకు ఈ మాటలు చెప్పండి.

1. కోళ్లు గాని, పందులు గాని ఒకటి వెనుక ఒకటి చస్తే వాటిని తినవద్దు, అమ్మవద్దు, ఒట్టి చేతులతో తాకవద్దు. పశువుల డాక్టరుకు చెప్పండి. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తాది. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల కూడా ఉంది.

2. గబ్బిలం, పక్షి కొరికిన పండు తినవద్దు.

3. గబ్బిలాలను కొట్టవద్దు. అవి పురుగులను తింటాయి, చెట్ల విత్తనాలు చల్లుతాయి. వాటి జోలికి పోకుంటే చాలు.

4. సబ్బుతో చేతులు కడగండి. కరోనా, ఫ్లూ, నిపా వైరస్‌ల మీద కొవ్వు పొర ఉంటుంది. నూనె జిడ్డును వదిలించినట్టే సబ్బు ఆ పొరను చీలుస్తుంది.

మన హాస్టల్లో కూడా ఇదే సంగతి. ఒక్క హాలులో ఇంతమందిమి పక్కపక్కన పడుకుంటాము. ఒకరికి దగ్గు వస్తే మూడో గడప మన చాపకు, పక్క చాపకు మధ్యనే ఉంటుంది. అయినా జ్వరం వస్తే కొందరు చెప్పరు. ఇంటికి పంపిస్తారని, పాఠాలు పోతాయని, తట్ట వేరే పెడతారని భయం. వార్డెన్ మేడం గారికి నా మనవి. జ్వరమని చెప్పిన పిల్లను కొన్నాళ్లు వేరే గదిలో పడుకోబెట్టండి, పాఠాల నోట్సు మేము రాసి ఇస్తాము, కానీ ఎవరూ ఆ పిల్లను ఎగతాళి చేయకుండా చూడండి. అప్పుడు అందరూ మొదటిరోజే చెప్తారు. మొదటిరోజే చెప్తే ఒక్కరితోనే ఆగుతుంది.

- తొమ్మిదవ తరగతి విద్యార్థిని