గుండూ గిన్నే

ధర్మపురిలో మా చిన్నమ్మకు తుంటికీలు మార్చి అయిదేండ్లయినది. "లోపల లోహపు గుండు, ప్లాస్టిక్ గిన్నె అట. ఏది ముందు అరుగుతుందిరా?" అన్నది.

గిన్నెయే చిన్నమ్మా! మెత్తనిది గదా, గుండు రాపిడికి కంటికి కానరాని పొడి రాలుతుంది.

1958 ప్రాంతమున ఇంగ్లండులో జాన్ చార్న్లీ అను వైద్యుడు టెఫ్లాన్ గిన్నెలు అమర్చినాడు. నున్నగా జారినవి గాని, కొద్ది ఏండ్లకే అరిగినవి. రాలిన పొడికి చుట్టూ కండ వాచి, సుమారు 300 మందిలో పెక్కుమందికి మరల కోత తప్పలేదు. ఆ పొడిని తన తొడలోనే పెట్టుకొని పరీక్షించుకొన్నాడాయన! 1962లో గట్టి పాలిథీన్ పట్టుకొన్నాడు. మన నీళ్లబిందె ప్లాస్టిక్కుకు దగ్గరి చుట్టమే. ఇప్పటిది ఇంకా మేలురకము.

అయినా రాలిన పొడి నొప్పి లేకుండానే ఎముకను తినవచ్చును. ఎక్స్‌రేలో గాని తెలియదు. ఇంతవరకు ఒక్కటీ తీయించలేదని అప్పుడు చెప్పింది మా చిన్నమ్మ.