అంగడి ముంగిలి

‘ఇంటిని చూచి ఇల్లాలిని చూడు’ అన్నారు పెద్దలు. వర్తకంలోనూ ఈ మాట చెల్లుతుంది. కొనవచ్చినవాడు సరుకును చేతితో తాకక ముందే అంగడి ముంగిలిని కంటితో చూస్తాడు. గడప ముందు నిలిచిన మురుగు, సొట్టలు పడిన షట్టరు, వెలిసిపోయిన బోర్డు, మెట్లకు అడ్డంగా పేర్చిన అట్టపెట్టెలు యజమాని నోరు విప్పక ముందే అతనిని గురించి నాలుగు మాటలు చెప్పివేస్తాయి. అందుచేతనే చేతిలో కాస్త డబ్బు ఆడగానే చిన్న వ్యాపారి మొట్టమొదట తలపెట్టే పని ముంగిలిని బాగుచేయించడం.

అయితే బాగుచేయించడమంటే ఏమిటి? కొత్త బోర్డు, అద్దాల తలుపు, మిరుమిట్లు గొలిపే దీపాలు అని చాలమంది సమాధానం చెబుతారు. గుజరాత్‌లోని సూరత్ నగరం ఇదే ప్రశ్నకు వేరొక సమాధానం తెలుసుకున్నది. ఒకసారి అంటువ్యాధి, మరొకసారి వరద, ఇంకొకసారి అగ్ని దానికి గురువులైనాయి. ఆ మూడు పాఠాలకూ నగరం చెల్లించిన మూల్యం పెద్దది. చిన్న దుకాణమో, ఆఫీసో ఉన్న వారెవరికైనా, ఏ ఊరిలోని వారికైనా, అవి పనికివచ్చే పాఠాలు.

చిన్న గదుల మహానగరం

తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్‌కు వర్తకం కొత్త కాదు. 1611లో మచిలీపట్నంలో అడుగుపెట్టిన ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీ, మొగలు చక్రవర్తి జహంగీరు అనుమతితో 1613లో సూరత్‌లో తన వర్తకశాలను నెలకొల్పింది. క్రింది అంతస్తున సరుకు, పై అంతస్తున లెక్కలు వ్రాసే గదులు, అక్కడే ఉద్యోగుల నివాసం అన్నది ఆనాటి వర్తకశాలల తీరు. కొట్టు, కచేరీ ఒక్క కప్పు క్రిందనే ఉండే పద్ధతి ఆ ఊరిలో నేటికీ పోలేదు.

నేడు సూరత్‌కు రెండు జీవనాధారాలు. ఒకటి కృత్రిమ పట్టు, పాలియెస్టరు వస్త్రాలు. రెండవది వజ్రాలకు సానపట్టడం. ప్రపంచంలో సానపట్టబడే వజ్రాలలో అత్యధిక భాగం ఈ ఊరి పనివారి చేతుల మీదుగానే వెళుతుంది. రెండు పరిశ్రమలూ పెద్దవే గాని, వాటిని నడిపే సంస్థలలో చాల భాగం చిన్నవి. రింగ్ రోడ్డు వెంట బారులు తీరిన వస్త్ర మార్కెట్లలో ఒక్కొక్క భవనంలో వందలాది దుకాణాలు. తెల్లని దుప్పటి పరచిన పరుపు, ఆనుకొనేందుకు బాలీసులు, గోడల పొడవునా చీరల కట్టలు, మూలగా లెక్కల బల్ల: ఆ ఒక్క గదే అంగడి, ఆఫీసు, గిడ్డంగి కూడా. మహీధర్‌పురా వజ్రాల వీధిలోనైతే దళారులు నడివీధిలోనే, ఆపిన స్కూటరు మీదనే పొట్లాలు విప్పి బేరాలు సాగించడం పరిపాటి.

ఈ నగరంతో తెలుగువారికి దగ్గర సంబంధమే ఉన్నది. మరమగ్గాల పనికై తెలంగాణ జిల్లాల నుండి తరలివెళ్ళిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ మొదలైన ప్రాంతాలలో తరాలుగా స్థిరపడ్డాయి. ఇక సూరత్ ముంగిలిని ఊడ్పించిన అధికారి కూడా తెలుగువాడే.

మొదటి పాఠం: ముంగిలి వీధికి కూడా చెందినది

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వ్యాధి పొడసూపింది. దాదాపు 50 మంది మరణించారు. భయంతో లక్షలాది జనం రైళ్ళలో, బస్సులలో ఊరు విడిచిపోయారు. మగ్గాలు నిలిచిపోయాయి, మార్కెట్లు మూతపడ్డాయి. అంతకు ముందు వానలకు నిండిన మురుగు, తొలగించని చెత్త, కాలువల మీదికి ప్రాకిన కట్టడాలు అప్పుడు దేశమంతటి దృష్టికీ వచ్చాయి.

1995 మే నెలలో సూర్యదేవర రామచంద్రరావు నగరపాలక సంస్థ కమిషనరుగా బాధ్యత చేపట్టారు. నగరం ఎస్.ఆర్. రావుగా ఎరిగిన ఆయన మొదట తన కార్యాలయపు తీరునే మార్చివేశారు. అధికారులు ఉదయం వేళ వీధులలో తిరిగి పనిని కళ్ళారా చూడాలి. మధ్యాహ్నం కూర్చుండి ఆనాటి లోపాలను సమీక్షించుకోవాలి. ప్రధాన కార్యాలయంలో పేరుకున్న అధికారాలను మండలాల వారీగా పంచి ఇచ్చారు. రద్దీగల బజారులను రాత్రివేళ ఊడ్పించారు. వీధిలో చెత్త పోసిన దుకాణాలకు, శుభ్రత పాటించని ఫలహారశాలలకు జరిమానాలు పడ్డాయి. రోడ్ల మీదికి జరిగిన అరుగులు, పంచలు, అక్రమ కట్టడాలు కూలాయి. పలుకుబడి గలవారి కట్టడాలను కూడా వదలకపోవడంతో సామాన్యులకు నమ్మకం కుదిరింది.

అరుగు పోయిన వర్తకునికి మొదట అది నష్టంగానే తోచడం సహజం. కాని మూడడుగుల అరుగు పోయినచోట ముప్పై అడుగుల వీధి కనబడింది. బండి నిలిపేందుకు చోటు, నడిచేందుకు బాట, మురుగు పారేందుకు దారి ఏర్పడ్డాయి. 1996లో ఇంటాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తరువాత దేశంలోకెల్లా పరిశుభ్రమైన నగరంగా పేర్కొన్నది. 1998లో రావు పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు. అధికారి మారినా అలవాటు నిలిచింది. 2023 సంవత్సరపు స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇండోరుతో కలిసి ప్రథమ స్థానాన్ని పంచుకున్నది.

దుకాణాన్ని బాగుచేయించేవారు ముందుగా గుర్తించవలసినది ఇదే. కాలువను కప్పి కట్టిన చలువరాతి మెట్టు ఎంత అందంగా ఉన్నా, మొదటి వానకు మురుగును తిరిగి గడపలోకే తెస్తుంది. పక్క దుకాణాలవారితో కలిసి కాలువను, నడకదారిని, బోర్డుల ఎత్తును ఒక్క తీరుకు తెచ్చుకుంటే ఒక్కరి ఖర్చు వరుస మొత్తానికి శోభనిస్తుంది.

రెండవ పాఠం: నీటికి ఎత్తు చూపించాలి

2006 ఆగస్టులో తాపీ నదికి మహా వరద వచ్చింది. సుమారు 100 కిలోమీటర్ల ఎగువన ఉన్న ఉకాయి జలాశయం నుండి భారీగా విడిచిన నీటిలో నగరం ముప్పాతిక భాగం మేర మునిగింది. నేలమాళిగలలో, క్రింది అంతస్తులలో నిలువచేసిన సరుకు బురదపాలైంది.

నది లేని ఊళ్ళో సైతం గట్టి వాన కురిస్తే బజారు మునుగుతున్న కాలం ఇది. కనుక గచ్చు వేయించే ముందు వీధిమట్టం చూడాలి. రోడ్డు వేసిన ప్రతిసారీ అది కాస్త పైకి జరుగుతుందని కూడా లెక్కించుకోవాలి. విద్యుత్ మీటరు, స్విచ్చి బోర్డులు నడుము ఎత్తుకు తగ్గకుండా ఉండాలి. లెక్కల పుస్తకాలు, దస్తావేజులు క్రింది అరలో కాక పై అరలో చేరాలి. నేలమాళిగ ఉంటే అది పాడైనా ఫరవాలేని వస్తువులకే.

ఎత్తు పెంచినచోట మెట్లు పెరుగుతాయి, వాటితోపాటు వృద్ధులకు, వికలాంగులకు కష్టమూ పెరుగుతుంది. అందుకు మార్గం ఏటవాలు దారి. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉంటే చక్రాల కుర్చీ సులువుగా ఎక్కుతుంది. అంత చోటు లేనివారు కనీసం మెట్ల ఎత్తు తగ్గించి, పక్కన పట్టుకొనేందుకు కమ్మీ పెట్టించవచ్చు.

మూడవ పాఠం: అందం దారికి అడ్డు రాకూడదు

2019 మే 24న సూరత్‌లోని సర్థానా ప్రాంతంలో తక్షశిల అనే వాణిజ్య భవనంలో నిప్పు అంటుకున్నది. భవనం పైన అనుమతి లేకుండా వేసిన కప్పు క్రింద శిక్షణ తరగతులు నడుస్తున్నవి. ముఖభాగాన ఉన్న ప్రకటనల ఫ్లెక్సీలు అంటుకొని మంట పైకి ప్రాకింది. మెట్లదారి పొగతో, మంటతో మూసుకుపోయింది. వేరొక దారి లేక పిల్లలు పై నుండి దూకారు. 22 మంది మరణించారు. వారిలో అత్యధికులు విద్యార్థులే.

దుకాణపు ముఖాన్ని చూపరులకు ఇంపుగా చేసే వస్తువే మంటకు నిచ్చెన కాగలదని ఆ సాయంత్రం రుజువైంది. తరువాత నగరంలోనూ, రాష్ట్రంలోనూ అగ్నిమాపక తనిఖీలు విస్తృతంగా జరిగాయి. అయినా ప్రమాదాలు ఆగలేదు. 2025 ఫిబ్రవరిలో రింగ్ రోడ్డు మీది శివశక్తి వస్త్ర మార్కెట్టు దగ్ధమై వందలాది దుకాణాలు దెబ్బతిన్నాయి. గుడ్డల కట్టల నడుమ పుట్టిన నిప్పును ఆర్పడం ఎంత కష్టమో మరొకసారి తెలిసివచ్చింది.

ఇందువల్ల గ్రహించవలసినవి కొన్ని ఉన్నవి. భవనం ముఖాన్ని పై నుండి క్రింది దాకా ఫ్లెక్సీతోనో ప్లాస్టిక్కు పలకలతోనో మూసివేయకూడదు. కిటికీ గాలికీ వెలుతురుకూ మాత్రమే కాదు, ఆపదవేళ తప్పుకొనేందుకూ పనికిరావాలి. ఏ.సి. యంత్రాలకు ప్రత్యేకమైన తీగలు వేయించాలి; వెలుపలి యంత్రాన్ని మెట్ల పక్కన, బోర్డు వెనుక బిగించకూడదు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం బయటికి పోయే ద్వారం కనీసం ఒక మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఉండి, వెలుపలికి తెరుచుకోవాలి. ముందున్న షట్టరు ఒక్కటే దారి అయిన గదిలో రెండవ దారిని గురించి ఆలోచించిన తరువాతనే రంగులను గురించి ఆలోచించడం మేలు.

పనికి ఒక వరుస ఉన్నది

ఖర్చుకు వెనుదీసే చిన్న సంస్థ చేసే పొరపాటు సాధారణంగా ఒక్కటే: కంటికి కనబడే పనులు ముందు, కనబడనివి తరువాత. కొత్తగా పరచిన గచ్చును తీగల కోసం మళ్ళీ త్రవ్వడం, రంగు వేసిన గోడకు చెమ్మ దిగడం దాని ఫలితాలు. మొదట కప్పు కారుతున్నదా, గోడకు బీట ఉన్నదా చూడాలి. పిదప నీరు, మురుగు, తీగలు. ఆ పిదప తలుపులు, అరలు. చివరన రంగు, బోర్డు, దీపాలు.

బోర్డుకు కూడా లెక్క ఉన్నది. పది అడుగుల దూరానికి అంగుళం చొప్పున అక్షరం ఎత్తు ఉంటే సులువుగా చదవవచ్చునని బోర్డులు వ్రాసేవారి అనుభవం. వీధికి అవతలి వైపు 50 అడుగుల దూరంలో నిలిచినవాడు చదవాలంటే అక్షరం అయిదంగుళాలుండాలి. పేరు, చేసే వ్యాపారం, దుకాణం నంబరు చాలు. మిగిలినదంతా లోపల చెప్పుకోవచ్చు.

లోపలి వెలుతురు వ్యాపారాన్ని బట్టి మారుతుంది. వజ్రాల రంగును ఎంచేవారు ఉత్తరపు కిటికీ వెలుగును కోరుకుంటారు. నేరుగా ఎండ పడక అది రోజంతా నిలకడగా ఉంటుంది. చీరల కొట్టులో పసుపుపచ్చని దీపం నీలాన్ని నలుపుగా చూపి, కొన్నవారిని మరునాడు తిరిగి రప్పిస్తుంది.

ఇక పనికి తగిన వేళ. సూరత్ వర్తకులు దీపావళినాడు కొత్త లెక్కల పుస్తకాలకు పూజచేసి, కార్తీక శుద్ధ పంచమి అయిన లాభపంచమినాడు కొత్త ఏటి వ్యాపారం ఆరంభిస్తారు. నడుమ మార్కెట్లకు విరామం. మరమ్మతులకు అనువైన రోజులవే. ప్రతి ఊరికీ, ప్రతి వ్యాపారానికీ ఇటువంటి మందకొడి కాలం ఒకటి ఉంటుంది. దానిని ముందే ఎంచుకొన్నవారికి బేరాలు పోవు.

భవనం ఒక్కటే చాలదు

సూరత్ శివారులో 2023 డిసెంబరు 17న వజ్రాల బోర్సు ప్రారంభమైంది. పదిహేనేసి అంతస్తుల తొమ్మిది కట్టడాలు, నాలుగు వేలకు పైగా ఆఫీసులు. కార్యాలయ భవనాలలో అది అమెరికా రక్షణశాఖ నిలయమైన పెంటగానును మించినదని ప్రపంచమంతటా చెప్పుకున్నారు. అయినప్పటికీ ప్రారంభోత్సవమైనంత మాత్రాన వర్తకం ఒక్కసారిగా అక్కడికి తరలిరాలేదు. వీధిలో నిలబడి చేసే బేరం వెనుక ఉన్నది తరాల నాటి పరిచయం, మాట మీది నమ్మకం. వాటిని పాలరాతితో కట్టలేరు.

నమ్మకాన్ని కట్టలేకపోయినా, నిలబెట్టే పని మాత్రం ముంగిలి చేయగలదు. నిండుగా పారే కాలువ, తడవని లెక్కపుస్తకం, మూసుకుపోని మెట్లదారి ఏ ప్రకటనలోనూ కనబడవు. కాని వచ్చినవాడు క్షేమంగా వచ్చి, చూడవలసినది స్పష్టంగా చూచి, క్షేమంగా వెళ్ళేది వాటి వల్లనే. అటువంటి అంగడికి అతడు మరొకసారి వస్తాడు.