పాతబడినా ధర తగ్గని ఆటలు

వీడియో గేమ్ విడుదలైన రోజున పూర్తి ధరే పలుకుతుంది. మార్కెట్లోకి తొలిగా దిగిన మామిడిపళ్ల బేరం లాంటిదే ఇదీ: ఆగలేనివాళ్లు ఎంతైనా పెట్టి కొంటారు. వాళ్ల మోజు తీరాక, అంత పెట్టలేక ఊరుకున్నవాళ్ల కోసం కంపెనీ ధర దించుతుంది. డౌన్‌లోడ్ గేమ్‌కు ఇంకో కాపీ అమ్మడానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. అందుకే ఆన్‌లైన్ గేమ్ దుకాణం స్టీమ్ సేల్‌లో పాత గేమ్‌ల ధర ముప్పావు వంతు తగ్గినా ఎవరూ ఆశ్చర్యపోరు. అన్నిటికంటే ముందు చతికిలబడేవి ఏటా వచ్చే ఫుట్‌బాల్ గేమ్‌లు. కొత్త జట్లతో కొత్తది రాగానే పాతది పోయినేటి పంచాంగమే.

జపాన్ కంపెనీ నింటెండో లెక్క వేరు. 'మారియో కార్ట్ 8 డీలక్స్' 2017 ఏప్రిల్‌లో స్విచ్ కన్సోల్‌కు వచ్చింది. అప్పుడు అమెరికాలో 59.99 డాలర్లు, ఏళ్లు గడిచినా అసలు ధర అదే. నిజానికి అప్పటికే అది పాత సరుకు, 2014లో నింటెండో పాత కన్సోల్ వీ యూకు వచ్చిన ఆటకే మెరుగులు దిద్దారు. అయినా ఆరు కోట్ల కాపీలకు పైగా అమ్ముడైంది. స్విచ్ కొన్న చాలామందికి అది కొత్తదే. పైగా ఆ ఆట వేరే కంపెనీ కన్సోల్‌లో దొరకదు, దాని తర్వాతి భాగం 2025 దాకా రానేలేదు. ధర తగ్గిస్తూ పోతే జనం ఆగడం నేర్చుకుంటారని, మొదట కొన్నవాళ్లు మోసపోయామనుకుంటారని నింటెండో మాజీ అధ్యక్షుడు సతోరు ఇవాతా వాదన.

ఇంత మొండితనం పెద్ద కంపెనీలకే చెల్లుతుందనుకుంటే పొరపాటు. ప్రాగ్ నగరంలోని వూబె సాఫ్ట్‌వేర్ తన 'ఫ్యాక్టోరియో'ను ఎన్నడూ సేల్‌లో పెట్టలేదు. 2016లో 20 డాలర్లున్న ఆట 2018లో 30, 2023లో 35 అయింది.

డౌన్‌లోడ్ చేసుకున్న గేమ్‌ను మళ్లీ అమ్ముకునే వీలు సాధారణంగా ఉండదు. డిస్కు, కార్ట్రిడ్జ్‌లు మాత్రం చేతులు మారతాయి, వాటి ధర పడి మళ్లీ లేవడమూ ఉంది. 1995లో అమెరికాలో నింటెండో ఆట 'ఎర్త్‌బౌండ్' సరిగా ఆడలేదు. పెద్ద అట్టపెట్టెలో కార్ట్రిడ్జ్‌తోపాటు ఒక గైడ్ పుస్తకం, అందులో గీకితే వాసన వచ్చే కార్డులు కూడా ఇచ్చారు. ఇప్పుడు ఒట్టి కార్ట్రిడ్జే వందల డాలర్లు. పెట్టె, పుస్తకం చెక్కుచెదరకుండా ఉంటే చెప్పనక్కర్లేదు. 2013లో అదే ఆట డౌన్‌లోడ్‌గా 10 డాలర్ల లోపే వచ్చింది. సేకరించేవాళ్లకు కావలసింది ఆట కాదు, ఆ వస్తువు.

చెత్తలో పారేసిన ఆటలకూ ఇలాగే ధర లేచింది. 1983లో అటారీ కంపెనీ అమ్ముడుపోని సరుకును న్యూమెక్సికోలోని అలమొగోర్డో చెత్తదిబ్బలో పూడ్చింది. 1982 నాటి 'ఈ.టీ.' కార్ట్రిడ్జ్‌లూ అందులో ఉన్నాయి. 2014లో తవ్వి తీసి వేలం వేస్తే, వాటిలో ఒక 'ఈ.టీ.'కి 1,500 డాలర్లకు పైనే పలికింది.