బుడగలు చెప్పిన రెండు వందల ఏళ్ళ కథ

లెక్కలనగానే మొహం ముడుచుకుంటారేమర్రా? ఇలా వచ్చి కూర్చోండి, ఇవాళ హాన్స్ రోస్లింగ్ గారి కబుర్లు చెబుతాను. ఆయన స్వీడన్ దేశపు డాక్టరు. 1972లో కొన్నాళ్ళు మన బెంగుళూరులోనూ వైద్యం చదివారు. తరవాత మొజాంబిక్‌లో పేదలకి వైద్యం చేశారు. లోకం ఎలా మారుతోందో మామూలు జనానికీ తెలియాలని ఆయన తపన. ఆ వివరాలన్నీ పట్టికల్లో పడి ఉంటే ఎవరు చదువుతారు? అందుకే కొడుకు ఓలా, కోడలు అన్నాతో కలిసి 2005లో గ్యాప్‌మైండర్ సంస్థ పెట్టి, అంకెల్ని తెర మీద కదిలించారు.

ఒక్కో దేశానికి ఒక్కో బుడగ. జనం ఎక్కువుంటే బుడగ పెద్దది. రంగు చూస్తే ఏ ఖండమో తెలుస్తుంది. కుడికి జరిగితే ఆదాయం పెరిగినట్టు, పైకి లేస్తే ఆయుర్దాయం పెరిగినట్టు. ఈ నాలుగు ముక్కలూ ముందే చెప్పేసి, అప్పుడు సంవత్సరాల్ని పరిగెత్తించేవారు. పక్కనే నిలబడి, క్రికెట్ కామెంటరీ చెప్పినట్టు హుషారుగా చెప్పుకుపోయేవారు.

2010లో బీబీసీకి చేసిన నాలుగు నిమిషాల ప్రదర్శనలో 200 దేశాల 200 ఏళ్ళ చరిత్ర చూపించారు. అందులో ఇమిడినవి 1,20,000 అంకెలు! 1810లో బుడగలన్నీ ఎడమవైపు అడుగున గుమిగూడి ఉంటాయి. ఏ దేశంలోనూ సగటు ఆయుర్దాయం 40 ఏళ్ళు లేదు. పారిశ్రామిక విప్లవంతో యూరప్ బుడగలు పైకి బయల్దేరతాయి. 1918కి వచ్చేసరికి చాలా బుడగలు దబ్బున కిందపడతాయి. అది స్పానిష్ ఫ్లూ దెబ్బ. మన దేశంలోనే కోటిమందికి పైగా పోయారు. పట్టికలో అయితే ఆ గడిని మన కళ్ళు దాటేసి పోతాయి. ఇక్కడ మాత్రం "అయ్యో, ఏమైంది?" అని నోటివెంట వచ్చేస్తుంది. ఆ ప్రశ్న పుట్టిందా, చదువు మొదలైనట్టే.

ఇంకో మంచిపని కూడా చేశారాయన. చివర్లో చైనా బుడగని ముక్కలు చేసి చూపించారు. షాంఘై ఇటలీ సరసన నిలిచింది, గ్విజౌ రాష్ట్రం పాకిస్తాన్ పక్కకి చేరింది. సగటు అనే ఒక్క అంకె వెనక ఎంతమంది బీదాబిక్కీ దాగి ఉంటారో చూశారా? బొమ్మ అందంగా కదిలిందని మురిసిపోయి వీళ్ళని మరిచిపోకూడదు.

గ్యాప్‌మైండర్‌లో ఈ బుడగల్ని ఎవరైనా ఉచితంగా ఆడించుకోవచ్చు. మన దేశం బుడగని 1947 నుంచి నడిపించండి. అప్పట్లో మన సగటు ఆయుర్దాయం దాదాపు 32 ఏళ్ళు, ఇప్పుడు 70 దాకా వచ్చింది. టీకాలూ, మంచినీళ్ళూ, ఆడపిల్లల చదువూ ఎంత పైకి లేపాయో చూసి, మీ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ మీ మాటల్లోనే చెప్పండి.