ఎండ రాని యింట తులసి

పట్టణవాసమున పెరటికి నోచుకొనని సోదరీమణులు నావంటివారు పలువురుందురు. వారికొరకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది హైదరాబాదులో నాలుగంతస్తుల కట్టడమున మొదటి అంతస్తు. ముందరిగది కిటికీకిని ప్రక్క కట్టడపు గోడకును నడుమ నాలుగడుగుల సందు మాత్రమే కలదు. మిట్టమధ్యాహ్నమున చారెడు ఎండ ఆ సందులోనికి దిగివచ్చి, మాకు మొగము చూపకయే వెడలిపోవును.

రెండేండ్ల క్రిందట కోనసీమలోని మా అత్తవారి యిల్లు అమ్ముడుపోయినది. అత్తగారు మాయొద్దకు వచ్చునపుడు ఇత్తడి సామానంతయు కూతుండ్రకు పంచియిచ్చి, తులసికోటలోని విత్తులను మాత్రము కొంగున ముడివైచికొని తెచ్చుకొనిరి. కుండీలో చల్లగా మొలచినవానిలో ఒక్కటియే నిలిచినది. మోకాళ్ల నొప్పులచే ఆమె మేడమెట్లు ఎక్కలేరు గాన, కుండీని డాబామీద నుంచిన ప్రయోజనము లేదు. ఆమె కన్నులయెదుట నుండవలెను. గదిలోనే యుంచితిమి. మూడు నెలలలో మొక్క సన్నగా సాగి, ఆకునకును ఆకునకును నడుమ బెత్తెడు ఎడమై, క్రింది ఆకులు పండి రాలసాగినవి. అత్తగారు ఏమియు అనలేదు. రాలిన ఆకులను ఏరి ఒక గిన్నెలో ఉంచుచుండిరి. ఆ మౌనము నాకు దుర్భరమయ్యెను.

మొదట నేను చేసినది శుద్ధ తెలివితక్కువ పని. అటుకమీది పాత 100 వాట్ల తీగెబల్బును మొక్కకు జానెడు ఎత్తున వ్రేలాడదీసితిని. మూడవనాటికి చిగురులు కమిలిపోయినవి. ఆ జాతి బల్బు త్రాగు విద్యుత్తులో మిక్కిలి భాగము వేడిమిగనే పోవునని నాకు తోచలేదు. పిమ్మట ఒక దుకాణదారుడు "ఇది మొక్కల దీపమమ్మా" అని ఊదారంగు బల్బొకటి అంటగట్టెను. మరల కమలునేమో యని భయపడి దానిని నాలుగడుగుల ఎత్తున కట్టితిని. మొక్క కమలలేదు, బాగుపడనూ లేదు. గది మాత్రము నాటకశాలవలె నుండెను.

మావారు పాఠశాలలో గణితము బోధింతురు. ఆ దీపమును చూచి నవ్వి, "దూరము రెట్టింపైన వెలుగు సగము గాదు, నాలుగవ వంతగును. నాలుగు రెట్లయిన పదునారవ వంతే" అనిరి. అదియునుగాక మన కన్ను మనలను మోసపుచ్చును. నడియెండలో వెలుగు 1,00,000 లక్సుల వరకు నుండగా, రాత్రి దీపము వెలిగించిన గదిలో రెండు మూడు వందల లక్సులకు మించుట అరుదు. కంటిపాప విచ్చుకొని ఆ కొరతను కప్పిపుచ్చును. మొక్క కట్టి ఉపాయము లేదు గదా!

విద్యుద్దీపముతో మొక్కలను పెంచు యోచన నేటిది కాదు. 1880లోనే విలియమ్ సీమెన్స్ ఇంగ్లాండులో ఆర్కు దీపములతో దీనిని పరిశోధించెను. నేడు మన యిండ్లలోని తెల్లని ఎల్.ఇ.డి. బల్బు లోపల నిజముగా వెలుగునది నీలివెలుగే. పైపూత అందు కొంత భాగమును పసుపుగను ఎరుపుగను మార్చగా, మొత్తము తెలుపై తోచును. ఆ నీలిదీపమును సాధించిన అకసాకి, అమానో, నకమురా అను మువ్వురకు 2014లో నోబెలు బహుమానము లభించినది. పత్రహరితము ముఖ్యముగా గ్రహించునవి నీలమును ఎరుపును. అవి రెండును తెల్లదీపమున నున్నవి గాన, ఊదాదీపమే కావలెనను నియమము లేదు.

ఇక చేసిన విధము. విరిగిన పుస్తకముల బీరువానుండి రెండడుగుల పొడవును తొమ్మిదంగుళముల వెడల్పును గల పలకను తీసి, చుట్టును బెత్తెడు అంచులు మేకులతో కొట్టి, బోర్లించిన పెట్టెవలె చేసితిని. గాలి యాడుటకు అంచులకు బెజ్జములు వేసితిని, ఎల్.ఇ.డి. బల్బునకు మొదట వేడి నిలిచినచో ఆయువు తగ్గును. లోపల తెల్లరంగు రెండు పూతలు. మెరుపుకై వెండికాగితము అంటింపవలదు. తెల్లరంగే వెలుగును చాలవరకు క్రిందికి మరలించును, వెండికాగితము లోహము గాన విద్యుత్తీగెల చెంతకు చేరనే కూడదు. పెట్టెలో మూడు హోల్డర్లు బిగించి 9 వాట్ల బల్బులు మూడు పెట్టితిమి. తీగెల ముడులు మాత్రము పనివానిచేతనే వేయించితిని. వంటయింటి సాహసము ఇచట పనికిరాదు. ఆ పనివాడే మంచి సలహా ఇచ్చెను: తీగె ప్లగ్గును చేరుటకు ముందు కొంత క్రిందికి వ్రేలాడి పైకి పోవలెను. నీరు తీగెవెంట జారినను ఆ వంపుననే రాలిపోవును గాని ప్లగ్గులోనికి పోదు.

పైకప్పున అమ్మాయి ఉయ్యాల కొక్కెము ఖాళీగా నుండెను. ఉయ్యాల గొలుసుతోనే పెట్టెను వ్రేలాడదీసితిమి. మొక్క ఎదిగినకొలది ఒక్కొక్క లంకె పైకి తగిలించి, బల్బునకును కొనచిగురునకును జానెడు ఎడము నిలుపుచుంటిని. దినమునకు 12 గంటలు వెలుగు. రాత్రి మొక్కకును విశ్రాంతి కావలెను. నెలకు సుమారు 10 యూనిట్లు ఖర్చగును.

అత్తగారు కొన్నిదినములు చూచి, "ఏమే అమ్మాయీ, సూర్యభగవానుడికి బదులు బల్బులా?" అనిరి. అరణ్యపర్వమున ధౌమ్యుడు అన్నమంతయు సూర్యుని వలననే యని ధర్మరాజునకు చెప్పిన ఘట్టమును జ్ఞప్తికి తెచ్చి, ఈ కరెంటును ఆయన యిచ్చినదే యంటిని. సింగరేణి బొగ్గు ఏనాడో ఎండ త్రాగి పెరిగిన చెట్లే గదా. శ్రీశైలమున చక్రములు త్రిప్పు నీటిని కొండలకెత్తినదియు ఆయనయే. ఆమె కొంతసేపాలోచించి, "అయితే ఇది నిలవ ఎండన్నమాట, ఊరగాయలాగ" అనిరి.

మూడు వారములకు కణుపులు దగ్గరదగ్గరగా క్రొత్త చిగురులు వచ్చినవి. సాగిన పాతకాడ మరల పొట్టిగాదు. కొన త్రుంచిననే ప్రక్కకొమ్మలు వచ్చును. త్రుంచుటకు ఆమె ఒకంతట ఒప్పుకొనలేదు. ద్వాదశి గడచిన పిమ్మట తామే గోటితో గిల్లిరి. మంజరులు వచ్చినపుడును అట్లే. గదిలో మన్ను తొందరగా ఆరదు గాన, వ్రేలు దింపి చూచి తడి లేనపుడే నీరు పోయవలెను. ఈ నియమమును మరచి ఒకసారి వేళ్లను కుళ్లించినంత పని చేసితిని. పుదీనా, కొత్తిమీరలకును ఈ దీపము చాలును. మిరపకు కాయలు విరివిగా పట్టవలెనన్న చాలదు.

వేళకు వెలిగి ఆరునట్లు ఒక టైమరును గూడ కొని తగిలించితిని. నాలుగవనాడు అది బల్లసొరుగులో కనబడినది. అడుగగా అత్తగారు, "తులసికి దీపం నేనే పెట్టుకుంటాను" అనిరి. నాటినుండి ఉదయము ఆరు గంటలకు స్నానముచేసి వచ్చి స్విచ్చు ఆమెయే వేయుదురు. సాయంకాలము ఆరింటికి ఆర్పుట మావారి పని. ఆయన మరచిన రాత్రులు కలవు.