గసగసాల కూర తిని డ్రగ్ టెస్ట్‌కి వెళ్తే? పాజిటివ్ వస్తే బాధ్యత ఎవరిది?

పోయిన వారం డల్లాస్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఓపీటీ మీద ఉన్నా. జాబ్ ఆఫర్ వచ్చింది, ఎల్లుండి డ్రగ్ టెస్ట్. నిన్న రూమ్‌లో గసగసాలు నూరి చికెన్ వండుకున్నాం. ఏమైనా ప్రాబ్లమా?" నేను ముందు నవ్వేశా. కానీ ఓపీటీలో మొత్తం 90 రోజులు ఖాళీగా ఉంటే స్టేటస్‌కే ఎసరు. అప్పుడు కూర్చొని చదివా. నవ్వాల్సిన విషయం కాదు.

గసగసాలు నల్లమందు మొక్క గింజలే. కాయలోంచి కారే పాలలో మార్ఫిన్, కోడీన్ ఉంటాయి. ఆ పాలు గింజలకి కాస్త అంటుకుంటాయి. తింటే మత్తు రాదు. యూరిన్‌లో మాత్రం మార్ఫిన్ కనిపించొచ్చు. మెషీన్ అబద్ధం చెప్పట్లేదు. ఏం దొరికిందో చెప్తుంది, ఎలా వచ్చిందో చెప్పదు. గొడవంతా అక్కడే.

టెక్సస్‌లోనే ఇలాంటి కేసు నడిచింది. ఎంబీఏ చేసిన ఒకమ్మాయికి క్వేకర్ ఓట్స్‌లో ఆఫర్ వచ్చింది. టెస్ట్‌లో ఓపియేట్స్ పాజిటివ్, ఆఫర్ పోయింది. నేను తిన్నది గసగసాల మఫిన్లు అని ఆమె వాదన. ఇలా జరగొచ్చని ల్యాబ్ ముందే చెప్పాలి కదా అని కేసు వేసింది. 1995లో టెక్సస్ సుప్రీం కోర్టు ఏమందంటే, ఆ హెచ్చరిక ఇచ్చే బాధ్యత ల్యాబ్‌కి లేదు అంది. ల్యాబ్‌ని పెట్టుకున్నది కంపెనీ, టెస్ట్ చేయించుకున్న మనిషి కాదు.

అదే 1995లో ఇల్లినాయిస్ అప్పీల్ కోర్టు వేరేగా చెప్పింది. ల్యాబ్ అజాగ్రత్తగా తప్పు రిపోర్ట్ ఇస్తే ఉద్యోగం పోయేది ఆ ఉద్యోగికే, కాబట్టి ల్యాబ్ అతని పట్ల కూడా జాగ్రత్తగా ఉండాల్సిందే అంది. 1999లో వయోమింగ్ సుప్రీం కోర్టు శాంపిల్ తీసుకునే కంపెనీకి కూడా ఇదే వర్తిస్తుంది అంది.

తేడా గమనించారా? శాంపిల్స్ తారుమారైనా, ల్యాబ్ పని సరిగ్గా చేయకపోయినా కేసుకి కాస్త బలం ఉంటుంది, అది కూడా స్టేట్‌ని బట్టి. ల్యాబ్ పని కరెక్ట్‌గా చేసి, అర్థం చేసుకోవడంలో తప్పు జరిగితే మాత్రం చాలా కష్టం. కంపెనీ మీద వేద్దామన్నా, దాదాపు అన్ని స్టేట్స్‌లో కారణం చెప్పకుండానే తీసేసే హక్కు వాళ్లకి ఉంటుంది.

డ్రైవర్లు, పైలట్ల లాంటి ఉద్యోగాలకి ఫెడరల్ రూల్స్ ఉన్నాయి. గసగసాల గోల వల్లే 1998లో ఓపియేట్స్ కటాఫ్‌ని 300 నానోగ్రాముల నుంచి 2000కి పెంచారు. పాజిటివ్ వస్తే మెడికల్ రివ్యూ ఆఫీసర్ అనే డాక్టర్ మీతో మాట్లాడాలి. ఆయన చెప్పిన 72 గంటల్లోపు రెండో బాటిల్‌ని ఇంకో ల్యాబ్‌లో టెస్ట్ చేయమని అడగొచ్చు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. శాంపిల్ మారిపోయిందని డౌట్ ఉంటే రెండో బాటిల్ కాపాడుతుంది. గసగసాలు తిని ఉంటే ఆ బాటిల్‌లో కూడా మార్ఫిన్ ఉంటుంది! అక్కడ మీకు పనికొచ్చేది డాక్టర్‌తో మాట్లాడే మాటే. మామూలు ప్రైవేట్ ఆఫీసులు ఈ రూల్స్ అన్నీ పాటించాలని లేదు.

అందుకే ఆ తమ్ముడికి నేను చెప్పింది ఇదే. టెస్ట్ ఉందని తెలిసిన రోజు నుంచే గసగసాలు బంద్. ఇప్పటికే తినేశాడు కాబట్టి, వీలైతే టెస్ట్ డేట్ కొన్ని రోజులు జరపమని హెచ్‌ఆర్‌ని అడగమన్నా. ఇండియా నుంచి తెచ్చుకున్న దగ్గు సిరప్‌లో కోడీన్ ఉందేమో చూసుకోండి, ప్రిస్క్రిప్షన్ దాచుకోండి. తెలియని నంబర్ నుంచి కాల్ వస్తే ఎత్తండి, అది ఆ డాక్టరే కావొచ్చు. పాజిటివ్ అంటే రీటెస్ట్ కావాలని అదే రోజు మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు.

నేను ఇంజినీర్‌ని, లాయర్‌ని కాదు. నిజంగా ఆఫర్ పోతే మీ స్టేట్‌లోని ఎంప్లాయ్‌మెంట్ లాయర్‌ని కలవండి. కేసు గెలవడానికి ఏళ్లు పట్టొచ్చు, మసాలా మానడానికి ఒక వారం చాలు. ఈ వీడియో అమెరికాలో జాబ్ వెతుక్కుంటున్న మీ ఫ్రెండ్‌కి పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.