తొలి పాట ఎవరింటిది?
కథాకాలం చెప్పడానికి పాత పాట ఒకటి పెడితే చాలనుకునే విద్యార్థి దర్శకులకు తొలి సన్నివేశంలోనే చిక్కులు

తెరపై పెంకుటిల్లు. వసారాలో పడక్కుర్చీ, మూలన చెక్కపెట్టె రేడియో. 'బెజవాడ, 1947' అని అక్షరాలు పడతాయి. వెనక ఘంటసాల గొంతులో 'దేవదాసు' పాట. కోర్సు చివర పావుగంట చిత్రం తీయాల్సిన విద్యార్థికి ఇంతకన్నా తేలికైన ఆరంభం తోచదు. కానీ 'దేవదాసు' విడుదలైంది 1953లో.

దాన్ని తీసేసి 1945 నాటి 'స్వర్గసీమ' పాట పెడితే సంవత్సరం లెక్క కుదురుతుంది. అంతటితో అయిపోదు. ఆ పాట ఆ ఇంట్లోకి ఎలా వచ్చినట్టు? రేడియోలో అయితే ఏ కేంద్రం నుంచి? విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబర్ 1న. అంతకు ముందు బెజవాడలో రేడియో పెడితే తెలుగు కోసం మద్రాసు కేంద్రాన్ని వెతుక్కోవాల్సిందే. అదే ఇల్లు హైదరాబాద్‌లో ఉంటే నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో మోగుతుంది. అది ఆలిండియా రేడియో చేతికి వచ్చింది 1950లో. పోనీ, సినిమా పాట ఎందుకని మద్రాసు కచేరీ ఒకటి కొత్తగా పాడించి, పక్కన హార్మోనియం వాయించారనుకోండి. మళ్లీ దొరికిపోయినట్టే. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియంను నిషేధించింది. ఆ నిషేధం సడలింది 1971లో.

గ్రామఫోన్ పెడితే కాస్త ఊపిరాడుతుంది. రికార్డు కొన్నవాళ్లు దాన్ని అరిగిపోయేదాకా వింటారు. అందుకే 1947 నాటి ఇంట్లో ఆ ఏటి పాట కన్నా 1930లలో కొన్న నాటక పద్యం మోగడమే సహజం. ఇంటి పెద్ద వయసేమిటో, కుర్రతనంలో ఏ నాటకాల పిచ్చి ఉండేదో అది ఒక్క మాట లేకుండా చెప్పేస్తుంది. పైగా 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు మించి పెద్దగా మోగదు. ఆగగానే ఎవరో లేచి రికార్డు తిప్పాలి, సూది మార్చాలి, కీ ఇవ్వాలి. లేచేది కోడలా, మనవడా అన్నది దర్శకుడి ఇష్టం. కథ అక్కడే మొదలు పెట్టుకోవచ్చు.

శబ్దం సంగతి వేరు. శుభ్రం చేసిన డిజిటల్ పాట తెచ్చి, కంప్యూటర్‌లో దానిపై చిటపటలు చల్లడం ఇప్పటి అలవాటు. చెవికి అది పాతగా కాదు, నకిలీగా తగులుతుంది. 1962 నాటి కథతో 1973లో వచ్చిన 'అమెరికన్ గ్రాఫిటీ' కోసం శబ్ద నిపుణుడు వాల్టర్ మర్చ్ పాటలను ఆరుబయట స్పీకర్‌లో మోగించి, దూరం నుంచి మళ్లీ రికార్డు చేశారు. మన విద్యార్థికి చిన్న స్పీకరు, వసారా, మైకు ఉంటే చాలు. ఖర్చు లేదు.

ఖర్చంతా హక్కులది. మన చట్టంలో రికార్డింగ్‌పై హక్కు 60 ఏళ్లు. కవి, స్వరకర్తల హక్కు మాత్రం వారు పోయాక 60 ఏళ్లు నడుస్తుంది. 'దేవదాసు' స్వరకర్త సి.ఆర్. సుబ్బురామన్ 1952లోనే చనిపోయారు. గీత రచయిత సముద్రాల సీనియర్ పోయింది 1968లో. అంటే ఆ సాహిత్యంపై హక్కు 2028 చివరిదాకా ఉన్నట్టే. తరగతి గదిలో అడిగేవారు ఉండకపోవచ్చు. యూట్యూబ్‌లో పెడితే మాత్రం అక్కడి సాఫ్ట్‌వేరే పాటను గుర్తుపట్టేస్తుంది.

పాత బాణీలో కొత్త పాట కట్టించుకోవడం మరో దారి. సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ 1977లో 'భూమిక'కు చేసింది అదే. ఆనాటి సినిమా పాటల పోకడలను సంగీత దర్శకుడు వన్‌రాజ్ భాటియా కొత్తగా సృష్టించారు. అంత పనితనం విద్యార్థికి అందుబాటులో ఉండదు. 1847లో కన్నుమూసిన త్యాగరాజు కీర్తనకు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. సంగీతం నేర్చుకున్న బామ్మ ఎవరైనా దొరికితే, పక్కన శ్రుతిపెట్టె పెట్టుకుని వసారాలో పాడించుకోవచ్చు. అప్పుడు రేడియో కూడా అక్కర్లేదు.